వాదన నిలుస్తుందా? తర్కంపై పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఒక వాదనలోని విషయాన్ని కాసేపు పక్కనబెట్టి, ఆధారాలుగా చెప్పిన వాక్యాల నుంచి ముగింపు నిజంగా వస్తోందా లేదా అన్నది మాత్రమే పరిశీలించడం తర్కశాస్త్రంలో ఒక ప్రధానమైన పని. రోజూ వినే వాదనలను అర్థం చేసుకోవడానికి, తూకం వేయడానికి ఆ పద్ధతి ఎంతవరకు పనికొస్తుందని అడుగుతూ పాఠకులు రాసిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి సమాధానాలు ఇస్తున్నాను. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాను.

ప్రశ్న: అయ్యా, ఒక వాదన సరైనదో కాదో దాని ముగింపు నిజమా అబద్ధమా అన్నదాన్ని బట్టే తేలిపోతుంది కదా. ముగింపు నిజమని తెలిశాక, దాన్ని నిరూపించిన తీరును మళ్లీ విడిగా పరీక్షించడం ఎందుకు?

సమాధానం: ముగింపు నిజమని ముందే తెలిసి ఉంటే అసలు వాదనతో పనే లేదు. ఆ సంగతి ఇంకా తేలనప్పుడే, లేదా దాని గురించి ఇద్దరికి భిన్నాభిప్రాయాలు ఉన్నప్పుడే మనం ఆధారాలు వెతుక్కుంటాం. అటువంటి సమయంలో ముగింపును చూసి వాదనను మెచ్చుకోవడమంటే, మనకు నచ్చిన అభిప్రాయాన్ని బలపరిచే ప్రతి మాటనూ పరీక్ష లేకుండా ఒప్పుకోవడమే అవుతుంది.

ఈ వాదన చూడండి. కంప్యూటర్లన్నీ యంత్రాలు, ఈ ఫోను ఒక యంత్రం, కాబట్టి ఈ ఫోను ఒక కంప్యూటర్. మూడు వాక్యాలూ నిజమే, ఎందుకంటే నేటి ఫోన్లు నిజంగానే చిన్న కంప్యూటర్లు. అయినా వాదన నిలవదు. మాటలు మార్చి అదే రూపంలో మరొకటి చెప్పి చూడండి: కుక్కలన్నీ జంతువులు, ఈ పిల్లి ఒక జంతువు, కాబట్టి ఈ పిల్లి ఒక కుక్క. రూపంలో ఎక్కడా తేడా లేదు, కానీ మొదటి రెండు వాక్యాలు నిజమై ఉండగానే మూడోది అబద్ధమైపోయింది. అంటే ఫోను విషయంలో ముగింపు నిజమైంది ఆ ఆధారాల బలం వల్ల కాదు. వేరే కారణాల వల్ల నిజమైనదాన్ని ఆ వాదన తన ఖాతాలో వేసుకుంది.

దీనికి ఎదురుగా, పక్షులన్నీ ఎగురుతాయి, నిప్పుకోడి పక్షి, కాబట్టి నిప్పుకోడి ఎగురుతుంది అన్న వాదన తీసుకుంటే, రూపం నిక్కచ్చిగా ఉంది. మొదటి రెండూ నిజమైతే మూడోది నిజం కాక తప్పదు. పొరపాటు ఉన్నది మొదటి వాక్యంలో. ముగింపు అబద్ధమని తెలియగానే, రూపం సరైనది కనుక, ఆధారాల్లో ఏదో ఒకటి తప్పక అబద్ధమై ఉంటుందని కూడా మనకు తెలిసిపోతుంది. ఎక్కడ వెతకాలో చెప్పడంలో రూపం చేసే సాయం ఇది.

ఆధారాలు నిజమైతే ముగింపు తప్పనిసరిగా నిజమయ్యే వాదనను చెల్లే వాదన అంటారు. ఆధారాలు నిజమేనా అన్నది వేరే ప్రశ్న, దాన్ని తర్కం ఒక్కటే తేల్చలేదు. ఈ రెండు ప్రశ్నలను విడదీయడం నా దృష్టిలో తర్కశాస్త్రం నుంచి సామాన్య పాఠకులు నేర్చుకోదగిన మొట్టమొదటి సంగతి. రూపాన్ని అలాగే ఉంచి మాటలు మార్చి పరీక్షించే ఉపాయం కూడా కొత్తది కాదు. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ చెల్లని రూపాలను సరిగ్గా ఇలాగే పట్టి చూపించాడు. ఆయన మొదలుపెట్టిన సంప్రదాయం రెండు ఆధార వాక్యాలు, ఒక ముగింపు ఉన్న రూపాలను మొత్తం 256గా లెక్కగట్టి, వాటిలో 24 మాత్రమే చెల్లుతాయని తేల్చింది. అంటే చూడటానికి ఒకేలా ఉండే రూపాల్లో నూటికి తొంభైకి పైగా చెల్లనివే.

ప్రశ్న: నమస్కారమండీ. ‘ఇలా అయితే అలా అవుతుంది’ అన్న వాక్యాన్ని తిప్పి చెప్పకూడదని మా అమ్మాయి గణితపాఠంలో చదివాను. కానీ మనమందరం రోజూ అలా తిప్పే మాట్లాడతాం, పనులూ జరిగిపోతూనే ఉన్నాయి. అందులో అంత తప్పేముంది?

సమాధానం: ఈ ఒక్క ప్రశ్నకు కాస్త వివరంగా జవాబు చెప్పాలి, ఎందుకంటే రోజువారీ వాదనల్లో జరిగే పొరపాట్లలో పెద్ద భాగం ఇక్కడే పుడుతుంది.

‘బ్యాటరీ పూర్తిగా అయిపోతే ఫోను ఆన్ కాదు’ అన్న వాక్యాన్ని నిజమని ఒప్పుకుందాం. దీని నుంచి నాలుగు రకాలుగా ముందుకు వెళ్లడానికి మనసు ప్రయత్నిస్తుంది. బ్యాటరీ అయిపోయిందని తెలిసి ఫోను ఆన్ కాదని చెప్పడం ఒకటి. ఫోను ఆన్ అయిందని చూసి బ్యాటరీ అయిపోలేదని చెప్పడం రెండోది. ఈ రెండూ చెల్లుతాయి. ఫోను ఆన్ కావడం లేదు కాబట్టి బ్యాటరీ అయిపోయిందనడం మూడోది. ఇది చెల్లదు, ఎందుకంటే బటన్ పాడై ఉండవచ్చు, తెర పోయి ఉండవచ్చు, లోపల నీరు చేరి ఉండవచ్చు. బ్యాటరీ నిండుగా ఉంది కాబట్టి ఫోను తప్పక ఆన్ అవుతుందనడం నాలుగోది. అదే కారణం వల్ల ఇదీ చెల్లదు. మీ అమ్మాయి పాఠంలో మూడోదానికి మూలమైన తిప్పిన వాక్యాన్ని విపర్యయమని, చెల్లే రెండోదానికి మూలమైనదాన్ని ప్రతివర్తితమని చెప్పి ఉంటారు.

మూడో రకం తప్పని తెలిసినా మనం దాన్ని వదలకపోవడానికి కారణం ఉంది. ఫోను ఆన్ కానప్పుడు ముందుగా బ్యాటరీని అనుమానించడం తెలివైన పనే. తరచుగా జరిగే కారణాన్ని మొదట పరీక్షించడం మంచి అలవాటు. అనుమానం నిర్ధారణగా మారినచోటే చిక్కు వస్తుంది. ఛార్జర్ పెట్టి చూసేంతవరకు అది ఒక ఊహ. పెట్టి చూడకుండానే కొత్త బ్యాటరీ కొనేస్తే అది తర్కదోషం. ‘పనులూ జరిగిపోతూనే ఉన్నాయి’ అని మీరన్నది ఊహ అనుకోకుండా నిజమైన సందర్భాల గురించి. నిజం కాని సందర్భాల్లో నష్టపోయినవారు ఆ నష్టానికి మూలం ఒక తిప్పిన వాక్యమని గుర్తించరు.

భారతీయ తర్కానికి చెందిన న్యాయశాస్త్ర సంప్రదాయంలో ఇదే సంగతిని పొగ, నిప్పు ఉదాహరణతో చెప్పారు. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది కనుక కొండ మీద పొగను చూసి నిప్పును ఊహించవచ్చు. కానీ నిప్పును చూసి పొగను ఊహించకూడదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉంది, పొగ లేదు. నిప్పు నుంచి పొగ రావాలంటే తడి కట్టె తోడవ్వాలి. ఆ అదనపు షరతును ఉపాధి అన్నారు. 17వ శతాబ్దంలో అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహంలో ఈ సంగతి చిన్న చిన్న వాక్యాల్లో ఉంది. ఎవరైనా ఒక వాక్యాన్ని తిప్పి చెప్పినప్పుడు, ‘ఇక్కడ తడి కట్టె ఏది?’ అని వెతకడం ఇప్పటికీ నాకు తెలిసిన అత్యుత్తమమైన పరీక్ష.

మనసు ఈ విషయంలో ఎంత తేలిగ్గా తడబడుతుందో బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ వాసన్ 1966లో వివరించిన ప్రయోగం చూపిస్తుంది. మన అక్షరాలతో చెప్పుకుందాం. బల్ల మీద నాలుగు కార్డులున్నాయి. ప్రతి కార్డుకూ ఒకవైపు అక్షరం, రెండోవైపు అంకె. మనకు పైకి కనిపిస్తున్నవి అ, క, 4, 7. ‘ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉంటుంది’ అన్న నియమం నిజమో కాదో తేల్చడానికి తప్పనిసరిగా తిప్పి చూడవలసిన కార్డులేవి? చాలామంది ‘అ’, ‘4’ అంటారు. సరైన జవాబు ‘అ’, ‘7’. నాలుగు వెనక హల్లు ఉన్నా నియమం చెడదు, ఎందుకంటే హల్లు వెనక ఏముండాలో నియమం చెప్పనేలేదు. ఏడు వెనక అచ్చు ఉంటే మాత్రం నియమం అక్కడితో చెడిపోయినట్టే. ఈ ప్రయోగంలో సరైన జవాబు ఇచ్చేవారు సాధారణంగా పదిశాతం లోపే ఉంటూ వచ్చారు. మనం నియమానికి అనుకూలంగా ఉన్నవాటిని తిప్పి చూస్తాం, దాన్ని పడగొట్టగలిగినదాన్ని ముట్టుకోము.

అయితే 1982లో గ్రిగ్స్, కాక్స్ అనే పరిశోధకులు అదే నిర్మాణంతో, నిర్ణీత వయసు దాటినవారే మద్యం తాగాలన్న నియమాన్ని ఇచ్చి, ఎవరిని తనిఖీ చేయాలని అడిగినప్పుడు, నాలుగింట దాదాపు మూడు వంతుల మంది సరిగ్గా చెప్పారు. రూపం ఒకటే. విషయం పరిచితమైనది, ఉల్లంఘన ఎలా ఉంటుందో కళ్లకు కట్టేది కావడంతో మనసు దారి తప్పలేదు. అందుకే అపరిచితమైన వాదన ఎదురైనప్పుడు దాన్ని పరిచితమైన ఉదాహరణలోకి మార్చుకుని చూడమని నేను చెబుతాను.

ఇదే విషయంలో మరొక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ‘కష్టపడితే పైకొస్తారు’, ‘కష్టపడితేనే పైకొస్తారు’ అన్నవి రెండూ ఒకటే అన్నట్టు వాడేస్తుంటాం. మొదటిది కష్టం ఉంటే చాలునంటుంది. రెండోది కష్టం లేనిదే కుదరదంటుంది, కానీ అది ఒక్కటే చాలునని అనదు. రెండోదాన్ని నమ్మినవారు, పైకొచ్చిన మనిషి తప్పక కష్టపడి ఉంటాడని చెప్పవచ్చు. పైకి రాలేకపోయిన మనిషి కష్టపడలేదని చెప్పడానికి మాత్రం ఆ వాక్యం ఏ అధికారమూ ఇవ్వదు. ఆ నింద వేసేవారు ‘కష్టపడితేనే’ అన్న వాక్యానికి సాక్ష్యం చూపించి, ‘కష్టపడితే చాలు’ అన్న వాక్యంతో తీర్పు చెబుతున్నారు. ఒక మనిషి జీవితాన్ని ఇంత తేలికైన పొరపాటుతో తూచడం చూసినప్పుడల్లా, ఈ చిన్న భేదాన్ని బడిలోనే గట్టిగా నేర్పాలని నాకు అనిపిస్తుంది.

ప్రశ్న: సత్యపట్టికలో, షరతు అబద్ధమైనప్పుడు ‘అయితే’ వాక్యం మొత్తం నిజమే అంటారు. ఇది నాకు ఏమాత్రం మింగుడుపడటం లేదు. దయచేసి వివరించండి సార్.

సమాధానం: ‘వాన పడకపోతే రేపు వస్తాను’ అని ఒకరు మాట ఇచ్చారనుకోండి. మర్నాడు వాన పడింది, వారు రాలేదు. మాట తప్పారని మీరు అనరు. వాన పడినా వచ్చారనుకోండి, అప్పుడూ అనరు. మాట తప్పినట్టయ్యేది వాన పడకపోయినా రాని ఒక్క సందర్భంలోనే. భాగాలు నిజమో అబద్ధమో అన్న ప్రతి కలయికకూ మొత్తం వాక్యం నిజమో కాదో చూపే సత్యపట్టిక, ఆ ఒక్క వరుసకు అబద్ధమని రాసి, మిగిలిన మూడింటికి నిజమని రాస్తుంది. అంతకు మించి అది ఏమీ చెప్పడం లేదు.

మీకు మింగుడుపడకపోవడం మాత్రం సహేతుకమే. మన నిత్య సంభాషణలోని ‘అయితే’లో చాలాసార్లు కారణ సంబంధం ఇమిడి ఉంటుంది, పట్టికకు ఆ సంబంధం తెలియదు. అందుచేత ‘ఈ మందు వాడితే నొప్పి తగ్గుతుంది’ వంటి వాక్యాన్ని, మందు వాడనివారి విషయంలో అది దానంతటదే నిజమైపోయిందని చెప్పి సమర్థించడం సరికాదు.

ప్రశ్న: నిజజీవితంలో ఎవరూ మీరు రాసినట్టు మూడు వాక్యాలుగా వాదించరు. ‘ఆయనేమైనా డాక్టరా, ఆరోగ్యం గురించి ఆయన చెప్పింది వినడానికి?’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఇటువంటిదాన్ని ఏ రూపంలో పెట్టాలి?

సమాధానం: ఆ ఒక్క ముక్కలోనే మొత్తం వాదన ఉంది, సగం బయటికి చెప్పకుండా వదిలేశారు. చెప్పని ఆధారాన్ని బయటికి తీయడమే మన పని. సంభాషణలో అందరికీ తెలిసినదని అనుకున్న వాక్యాన్ని వదిలేయడం సహజం, తప్పు కూడా కాదు. కానీ వాదనలో అన్నిటికన్నా బలహీనమైన వాక్యం తరచుగా ఆ వదిలేసిన దానిలోనే ఉంటుంది.

మొదట ముగింపును పూర్తి వాక్యంగా రాసుకోవాలి: ఆరోగ్యం గురించి ఆయన చెప్పింది వినదగినది కాదు. తరువాత చెప్పిన ఆధారం: ఆయన డాక్టరు కాదు. ఈ రెండింటి మధ్య వంతెన లేదు. వాదన చెల్లాలంటే ‘డాక్టరు కానివారెవరూ ఆరోగ్యం గురించి వినదగిన మాట చెప్పలేరు’ అన్నంత గట్టి వాక్యం కావాలి. రాసుకుని చూడగానే అది నిలవదని అర్థమవుతుంది. నర్సులు, పోషకాహార నిపుణులు, ఆ వ్యాధితో ఏళ్లుగా బతుకుతున్న రోగులు వినదగిన మాటలు చెబుతూనే ఉన్నారు.

ఇక్కడితో ఆగిపోతే మాత్రం ఎదుటివారికి అన్యాయం చేసినట్టే. వారి మనసులో ఉన్నది ఇంత విపరీతమైన వాక్యం కాకపోవచ్చు. ‘డాక్టరు కానివారు మందుల గురించి చెప్పినదాన్ని, తెలిసినవారితో సరిచూసుకోకుండా పాటించకూడదు’ అన్నది వారి ఉద్దేశమై ఉండవచ్చు. ఇది చాలా సబబైన వాక్యం. దీన్ని వాదనలో పెడితే రూపం ఇప్పటికీ చెల్లుతుంది, కానీ వచ్చే ముగింపు మారుతుంది: ఆయన మాటను వినకూడదని కాదు, సరిచూసుకోకుండా పాటించకూడదని మాత్రమే వస్తుంది. ఆధారం మెత్తబడితే దానితోపాటు ముగింపూ మెత్తబడాలి. మెత్తని ఆధారాన్ని చూపించి ఒప్పించి, గట్టి ముగింపును పట్టుకుపోవడం వాదనల్లో చాలా తరచుగా కనిపిస్తుంది. వాక్యాలను కాగితం మీద పెడితే తప్ప ఆ మార్పిడి కంటికి ఆనదు.

రూపంలో తప్పు లేని, చెల్లే వాదనలు కూడా పనికిరానివి కావచ్చని ఈ సందర్భంలోనే చెప్పాలి. ‘ఈ పద్ధతి మంచిది, ఎందుకంటే ఇది ఉత్తమమైన పద్ధతుల్లో ఒకటి’ అన్న వాదన రూపం రీత్యా చెల్లుతుంది. ఆధారం నిజమైతే ముగింపూ నిజమే. కానీ ముగింపును సందేహించే మనిషి ఆ ఆధారాన్నీ అంతే సందేహిస్తాడు కనుక వాదన ఒక్క అడుగు కూడా కదలలేదు. అలాగే ‘దీన్ని ఒప్పుకో, లేదంటే ఊరికే కూర్చో, ఊరికే కూర్చోలేం కాబట్టి దీన్ని ఒప్పుకోవాలి’ అన్నది కూడా చెల్లే రూపమే. తప్పంతా, ఉన్నవి రెండే దారులన్న మొదటి వాక్యంలో ఉంది. ఇటువంటి వాదన విని ‘ఇది తర్కానికి నిలవదు’ అనడం కన్నా, ‘మూడో దారి లేదని ఎలా తెలుసు?’ అని అడగడం సూటిగా ఉంటుంది.

ప్రశ్న: ‘అందరూ’, ‘కొందరు’ అన్న మాటల విషయంలో తర్కశాస్త్రం ప్రత్యేకంగా జాగ్రత్తలు చెబుతుందని విన్నాను. అవి అంత చిక్కు మాటలా?

సమాధానం: అవును, చిక్కు మాటలే. ‘ఉద్యోగులందరూ సమావేశానికి రాలేదు’ అని నివేదికలో ఉంటే, ఒక్కరూ రాలేదని ఒకరు, కొందరు మాత్రమే వచ్చారని మరొకరు అర్థం చేసుకోవచ్చు. సంభాషణలో గొంతు సాయంతో తేలిపోయే ఈ సందేహం రాతలో అలాగే ఉండిపోతుంది. ‘ఒక్కరూ రాలేదు’ అనో, ‘కొందరు రాలేదు’ అనో రాస్తే సరిపోతుంది. ‘అందరూ నిజాయితీపరులే’ అన్న వాక్యాన్ని కాదనడానికి నిజాయితీ లేని ఒక్కరిని చూపిస్తే చాలునని, ‘ఎవరూ నిజాయితీపరులు కారు’ అని నిరూపించనక్కరలేదని మరచిపోవడం వల్ల ఎన్నో చర్చలు అనవసరంగా ఘర్షణగా మారతాయి.

ఇంతకన్నా లోతైన పొరపాటు మరొకటి ఉంది. ‘ఈ నెలలో జరిగిన ప్రతి తప్పుకూ ఎవరో ఒకరు బాధ్యులు’ అన్నది నిజమే అయినా, ‘ఈ తప్పులన్నిటికీ బాధ్యులైన ఎవరో ఒకరున్నారు’ అన్నది దాని నుంచి రాదు. ప్రతి తప్పుకూ వేరువేరు మనిషి బాధ్యత వహించి ఉండవచ్చు. ప్రతి మనిషికీ ఒక తల్లి ఉంటుంది, కానీ మనుషులందరికీ కలిపి ఒకే తల్లి లేదు కదా. వైఫల్యాలన్నిటి వెనకా ఒకే మనిషిని, ఒకే కుట్రను చూపించే వాదనల్లో ఎన్నో ఈ మెట్టు మీదే జారిపడతాయి. అరిస్టాటిల్ నాటి రూపాలతో ఈ భేదాన్ని స్పష్టంగా రాయడం సాధ్యం కాలేదు. 1879లో జర్మన్ గణితవేత్త గొట్లోబ్ ఫ్రేగె ‘ప్రతి ఒక్కటి’, ‘ఏదో ఒకటి’ అన్న వాటిని గుర్తులతో రాసే పద్ధతి కల్పించి, వాటిలో ఏది ముందు వస్తుంది, ఏది తరువాత వస్తుంది అన్నదాన్ని బట్టి అర్థం మారుతుందని చూపించాకే దాన్ని నిర్దుష్టంగా రాయగలిగారు.

ప్రశ్న: జీవితంలో ‘తప్పనిసరిగా’ అనదగినవి చాలా తక్కువ, అన్నీ ‘బహుశా’లే. అటువంటప్పుడు తప్పనిసరి ముగింపుల శాస్త్రం మనకు దేనికి?

సమాధానం: తప్పనిసరి ముగింపుకూ బహుశా ముగింపుకూ తేడా ఎక్కడ వచ్చిందో కనిపెట్టడానికే అది కావాలి. ఒక ఉదాహరణ చెబుతాను. ‘ఈ సడలింపు ఇస్తే రెండోది అడుగుతారు, రెండోది ఇస్తే మూడోది అడుగుతారు, మూడోది ఇస్తే క్రమశిక్షణ పోతుంది, క్రమశిక్షణ పోతే సంస్థ మూతపడుతుంది, కాబట్టి ఈ సడలింపు ఇస్తే సంస్థ మూతపడుతుంది’ అన్న వాదనను తీసుకోండి. నాలుగు వాక్యాలూ మినహాయింపు లేకుండా నిజమైతే గొలుసు చెల్లుతుంది, రూపంలో ఏ దోషమూ లేదు. కానీ ఒక్కొక్క మెట్టు జరిగే అవకాశం నూటికి 80 అనుకుందాం. ప్రతి మెట్టూ తన ముందు మెట్టు మీదే ఆధారపడి ఉంటే, నాలుగూ వరుసగా జరిగే అవకాశం నూటికి 41 మాత్రమే. ప్రతి మెట్టు వద్దా ‘అవును, చాలావరకు నిజమే’ అని తల ఊపినవారు, చివరికి జరగకపోవడానికే ఎక్కువ అవకాశమున్న ముగింపును ఖాయమని ఒప్పుకుని లేస్తారు.

అలాగని గొలుసు వాదనలన్నీ కొట్టిపారేయదగినవి కావు. మెట్లు తక్కువగా ఉండి, ప్రతి ఒక్కటీ గట్టిగా ఉంటే ఆ హెచ్చరికను పట్టించుకోవాలి. మెట్టు మెట్టుకూ విడిగా విలువ కట్టండి అన్నదే నా సూచన. ఇంకో సంగతి కూడా ఉంది. చెల్లే వాదనలో కొత్త ఆధారం చేరినంత మాత్రాన పాత ముగింపు పోదు. బహుశా ముగింపులో మాత్రం ఒక్క కొత్త సంగతి తెలిస్తే మొత్తం తలకిందులు కావచ్చు. అందుకే అటువంటి ముగింపును చెప్పేటప్పుడు, ఏ సంగతి బయటపడితే దాన్ని వదులుకుంటారో కూడా చెప్పగలగాలి.

ప్రశ్న: మా అన్నయ్యతో చర్చల్లో ఆయన వాదనలోని తర్కదోషాన్ని పేరుతో సహా చూపిస్తున్నాను. అయినా ఆయన అభిప్రాయం మార్చుకోవడం లేదు, పైగా కోపగించుకుంటున్నారు. తర్కం తెలిసి ప్రయోజనమేమిటి?

సమాధానం: మీరు దోషం చూపించారంటే, ఆ ఆధారాల నుంచి ఆ ముగింపు రాదని మాత్రమే చూపించారు. ముగింపు అబద్ధమని చూపించలేదు. మీ అన్నయ్యగారు తన అభిప్రాయాన్ని వదలకపోవడం, ఆ ఒక్క కారణం చేత, తర్కవిరుద్ధం కాదు. ఆయన దగ్గర వేరే ఆధారాలు ఉండవచ్చు, లేదా సరిగా మాటల్లో పెట్టలేని అనుభవం ఉండవచ్చు. చెడ్డ వాదనకు కూడా నిజమైన ముగింపు ఉండగలదని మొదటి ప్రశ్నలో ఫోను ఉదాహరణతో చూశాం. దోషం దొరికింది కాబట్టి అభిప్రాయం తప్పని తేల్చేయడం కూడా తర్కదోషమే.

పేర్ల విషయంలో నా అభిప్రాయం స్పష్టంగానే చెబుతాను. దోషాల పేర్లు చదువుకునేవారికి పనికొస్తాయి, చర్చలో పెద్దగా పనికిరావు. పేరు పెట్టగానే ఎదుటివారు వాదనను వదిలి తమ గౌరవాన్ని కాపాడుకోవడానికి దిగుతారు. దానికి బదులు, ఆయన చెప్పినదాన్ని మీ మాటల్లో, ఆయన చెప్పినదానికన్నా బలంగా తిరిగి చెప్పి, ‘అన్నయ్యా, నువ్వు అంటున్నది ఇదేనా?’ అని అడగండి. ఆయన అవునన్నాక, చెప్పకుండా వదిలేసిన ఆధారాన్ని ముందు పెట్టి, ‘ఇది కూడా నిజమని అనుకుంటున్నావా?’ అని అడగండి. అవునంటే, మీ ఇద్దరికీ తేడా ఎక్కడ ఉందో తెలిసిపోతుంది. అది తర్కంలో కాక ఒక వాస్తవంలో ఉందని తేలితే, వాదించడం ఆపి ఆ వాస్తవాన్ని ఇద్దరూ కలిసి వెతకవచ్చు. కాదంటే, తన వాదనను ఆయనే సవరించుకుంటారు. ఇదే పరీక్షను ముందుగా మీ వాదనకు పెట్టుకుని, అందులో మీరు చెప్పకుండా వదిలేసిన వాక్యమేమిటో కాగితం మీద రాసుకుని ఆయన దగ్గరకు వెళ్లండి.